ఏడు పిన్నుల్లో ఒకటి

అమెరికాలో పికప్ ట్రక్కు వెనక ట్రావెల్ ట్రైలర్ తగిలించుకుని సెలవులకు బయల్దేరేవాళ్ళ నోట ఒక ఫిర్యాదు తరతరాలుగా వినబడుతూనే ఉంది. పొద్దున్నే బయల్దేరి నాలుగు వందల మైళ్ళు నడిపి, సాయంత్రం ఏ అడవి అంచునో ఆగి ట్రైలర్‌లో లైటు వేస్తే అది మసగ్గా వెలుగుతుంది. ట్రక్కు ఇంజను రోజంతా తిరిగింది. దాని ఆల్టర్నేటర్ వంద ఆంపియర్లకు పైగా ఇవ్వగలది. రెంటికీ మధ్య కేబులుంది, ప్లగ్గు గట్టిగానే బిగించి ఉంది, బ్రేకు లైట్లూ ఇండికేటర్లూ సవ్యంగా పనిచేస్తున్నాయి. అయినా ట్రైలర్ బ్యాటరీకి చార్జి ఎక్కలేదు. ఒక్కోసారి బయల్దేరినప్పుడు ఉన్నంత కూడా మిగలదు.

దీని కారణం వెతికే మెకానిక్కుకు చేతిలో మల్టీమీటర్ ఉంటే సరిపోదు. ఆ వైరును ఎవరు, ఎప్పుడు, ఏ పని కోసం వేశారో కూడా తెలియాలి. ట్రైలర్ బ్యాటరీని నింపడానికని మొదట ఎవరూ ఆ వైరు లాగలేదు. దీపాల కోసం లాగారు, బ్రేకుల కోసం లాగారు. బ్యాటరీ ఆ తర్వాత ఎప్పుడో వచ్చి చేరింది. ఆపైన కార్ల కంపెనీలు తమ అవసరం కొద్దీ కరెంటు ఏర్పాట్లు మార్చుకున్న ప్రతిసారీ, దెబ్బ తిన్నది వెనక వస్తున్న ట్రైలరే.

1919లో ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపాలో, డి సోటో పార్కులో గుడారాలు వేసుకున్న కారు యాత్రికులు కొందరు కలిసి టిన్ క్యాన్ టూరిస్ట్స్ అనే సంఘం పెట్టుకున్నారు. రేడియేటర్ మూత మీద ఒక డబ్బా అతికించుకోవడం ఆ సభ్యుల గుర్తు. ఆ రోజుల్లో సామాన్యుడి కారు ఫోర్డ్ మోడల్ టి. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్‌తోనే రోడ్డెక్కినా, మోడల్ టి దాకా రావడానికి 1919 పట్టింది. అప్పటిదాకా ముందు నిలబడి హ్యాండిల్ తిప్పడమే. సెల్ఫ్ లేని కారుకు పెద్ద బ్యాటరీ అక్కర్లేదు. బ్యాటరీయే లేని కారు వెనక కట్టిన బండికి కరెంటు అన్న ఊసే రాదు. గుడారంలో కిరోసిన్ లాంతరు, స్టవ్వు, అంతే.

సెల్ఫ్ స్టార్టర్ అన్ని కార్లలోకీ వచ్చాక పరిస్థితి మారింది. సెల్ఫ్ కొట్టడానికి బ్యాటరీ కావాలి, బ్యాటరీని మళ్ళీ నింపడానికి డైనమో కావాలి. ఈ రెండూ ఉన్న ప్రతి కారూ రోడ్డు మీద తిరిగే చిన్న విద్యుత్ కేంద్రం అయిపోయింది. వెనక లాక్కెళ్ళే ఇంటికి అందులోంచి కొంచెం వాడుకోవచ్చు కదా అన్న ఆలోచన సహజంగానే పుట్టింది.

ఆర్థర్ షెర్మన్ వృత్తిరీత్యా సూక్ష్మజీవుల శాస్త్రవేత్త. సెలవుల కోసం కొన్న గుడారపు ట్రైలర్ నచ్చక, చెక్క గోడలతో తానే ఒకటి కట్టించుకున్నాడు. దాన్ని 1930లో డెట్రాయిట్ కార్ల ప్రదర్శనకు తెచ్చాడు. ఆయన పెట్టిన కవర్డ్ వాగన్ కంపెనీ 1930ల మధ్యకల్లా అమెరికాలోనే అతి పెద్ద ట్రైలర్ సంస్థ అయింది. దేశం ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయి ఉన్న రోజులవి. 1934లో హాలీ బౌలస్ అల్యూమినియం రేకులను రివెట్లతో బిగించి రోడ్ చీఫ్ అనే ట్రైలర్ తయారుచేశాడు. లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్ విమానం నిర్మాణంలో పనిచేసిన మనిషి ఆయన. ఆ రూపాన్నే అందుకుని, ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ పెట్టిన వాలీ బయామ్ 1936లో క్లిప్పర్‌ను విడుదల చేశాడు. ధర 1,200 డాలర్లు. నలుగురు పడుకోవచ్చు, లోపలే వంటగది, సొంత నీళ్ళ తొట్టి, ఎలక్ట్రిక్ లైట్లు. కుర్రతనంలో ఒరెగాన్‌లో గొర్రెలు కాస్తూ చక్రాల బండిలో కాపురమున్న బయామ్‌కు ఆ లైట్లు ఎంత సంతోషాన్నిచ్చి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఆ లైట్ల వెనక ఉన్న లెక్క మాత్రం చాలా బిగుతుగా ఉండేది. అప్పటి కార్లు 6 వోల్టులవి. 1920ల నుంచి 1930ల తొలి ఏళ్ళ దాకా కార్లలో ఉన్న డైనమోలు చాలావరకు పది, ఇరవై ఆంపియర్ల మధ్యే ఇచ్చేవి. అదీ ఇంజను వేగంగా తిరిగితేనే. ఇంజను ఐడిల్‌లో ఉంటే డైనమో నుంచి వచ్చేది దాదాపు ఏమీ లేదు. ట్రైలర్ లైటుకు కారు బ్యాటరీయే దిక్కు కాబట్టి, రాత్రి రెండు గంటలు ఎక్కువసేపు దీపం వెలిగిస్తే తెల్లారి కారు సెల్ఫ్ కొట్టదు. అంటే ఈ చరిత్రలో మొదటి సమస్య నేటి సమస్యకు పూర్తిగా ఎదురుది. అప్పుడు కారు బ్యాటరీని ట్రైలర్ తినేసేది. అందుకే ఆనాటి ట్రైలర్లలో చాలావాటికి రెండు రకాల దీపాలుండేవి: దారిలో కారు కరెంటు మీద వెలిగే 6 వోల్టుల బల్బులు, మకాంలో కరెంటు దొరికితే వెలిగే 110 వోల్టుల బల్బులు.

6 వోల్టుల పద్ధతిలో ఇంకో చిక్కుంది. 18 వాట్ల బల్బుకు 12 వోల్టుల మీద ఒకటిన్నర ఆంపియరు చాలు, 6 వోల్టుల మీద 3 ఆంపియర్లు కావాలి. అదే వైరులో కరెంటు రెట్టింపయితే వైరులో కోల్పోయే వోల్టేజి రెట్టింపవుతుంది. ఉన్నదే సగం వోల్టేజి కాబట్టి నష్టం వంతు నాలుగింతలు. పొడుగాటి వైరు ఆ చివరన 6 వోల్టుల బల్బు ఎర్రగా, నీరసంగా వెలిగేదంటే అందులో ఆశ్చర్యం లేదు.

దీపాలకంటే బరువైన పని ఆ వైరుకు బ్రేకులు తెచ్చిపెట్టాయి. 1927లో విస్కాన్సిన్ రాష్ట్రం బెలాయిట్‌లో మొదలైన వార్నర్ ఎలక్ట్రిక్ బ్రేక్ సంస్థ, అయస్కాంతంతో పట్టే బ్రేకులను తయారుచేసింది. ట్రైలర్ బరువు పెరిగేకొద్దీ వీటి అవసరం పెరిగింది. నేటి 12 వోల్టుల బ్రేకుల్లో ఒక్కో చక్రానికి సుమారు 3 ఆంపియర్లు కావాలి, నాలుగు చక్రాలకు పన్నెండు. దాంతో పాటే ఇంకో ప్రశ్న వచ్చింది: నడిచే దారిలో ట్రైలర్ కొక్కెం ఊడిపోతే? కేబులు తెగిపోయిన ట్రైలర్ తనంతట తానే బ్రేకు వేసుకోవాలంటే దాని మీదే ఒక బ్యాటరీ ఉండాలి. వాణిజ్య వాహనాలకు అమెరికా ఫెడరల్ నిబంధన ఇప్పటికీ అదే చెబుతుంది: విడిపోయిన క్షణంలో బ్రేకులు పడాలి, కనీసం 15 నిమిషాలు పట్టి ఉంచాలి. ట్రైలర్ బ్యాటరీ డౌన్ అయితే ఫ్యాను తిరగదు, లైటు వెలగదు అనుకుని ఊరుకునేవాళ్ళు ఈ సంగతి మరిచిపోకూడదు. ఆ బ్యాటరీ రోడ్డు మీద వెనక వచ్చేవాళ్ళ ప్రాణాలకు కూడా పూచీ.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక రోడ్లూ కార్లూ పెరిగాయి, ఇంజన్లూ పెద్దవయ్యాయి. ఎక్కువ కంప్రెషన్ ఉన్న వి-8 ఇంజన్లను తిప్పడం 6 వోల్టుల సెల్ఫ్ మోటార్ల వల్ల కాలేదు. 1953లో కాడిలాక్, 1955లో షెవ్రొలే, 1956లో ఫోర్డ్ 12 వోల్టులకు మారాయి. ఈ మార్పు కారుకు మేలు చేసింది. ట్రైలర్ యజమానులకు మాత్రం కొన్నేళ్ళు అయోమయం. కొత్త 12 వోల్టుల కారు వెనక పాత 6 వోల్టుల ట్రైలర్ తగిలిస్తే బల్బులు ఫట్‌మని పేలిపోయేవి. బల్బులు మార్చాలి, బ్రేకులకు మధ్యలో రెసిస్టర్ పెట్టాలి. ముందు బండి కోసం తీసుకున్న నిర్ణయం వెనక బండి మీద పడడం అది మొదటిసారి, ఆఖరుసారి కాదు.

ట్రైలర్‌కు సొంత బ్యాటరీ ఉండితీరాలన్న పట్టుదల బయామ్‌ది. మకాంలో కరెంటు, నీళ్ళ పైపు తగిలించుకుంటేనే బతికే ట్రైలర్ ఆయనకు నచ్చలేదు. ఎడారి మధ్యలో ఆపినా ఇంట్లో ఉన్నట్టే ఉండాలన్నాడు. 1957లో ఎయిర్‌స్ట్రీమ్ తెచ్చిన ఇంటర్నేషనల్ మోడల్‌ను బయటి ఆధారం అక్కర్లేని తొలి ట్రావెల్ ట్రైలర్‌గా ఆ సంస్థ చెప్పుకుంది. 1959లో ఆయన నలభైకి పైగా ట్రైలర్ల గుంపును కేప్‌టౌన్ నుంచి కైరో దాకా ఆఫ్రికా ఖండం పొడవునా నడిపించాడు. ఆ దారిలో ప్లగ్గు పెట్టుకునే సాకెట్ ఎక్కడుంటుంది? బండి నడిచినంతసేపూ ఎక్కిన చార్జీయే రాత్రికి ఆధారం. దీపాలకూ బ్రేకులకూ వేసిన వైరుకు బ్యాటరీని నింపే బాధ్యత పూర్తిగా నెత్తికెత్తింది ఇలాంటి ప్రయాణాలే.

సరిగ్గా అప్పుడే ఒక మంచి పరికరం అందివచ్చింది. 1960 మోడల్ వాలియంట్ కారులో క్రిస్లర్ డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టింది. మరుసటి ఏడాది తన కార్లన్నిటికీ అదే అమర్చింది. 1960ల మధ్యకల్లా జనరల్ మోటార్స్, ఫోర్డ్ కూడా దాదాపు అదే దారి పట్టాయి. ఆల్టర్నేటర్ అన్న ఆలోచన కొత్తది కాదు. దాని ఆల్టర్నేటింగ్ కరెంటును బ్యాటరీకి పనికొచ్చే డైరెక్ట్ కరెంటుగా మార్చడానికి చవకైన, వేడికి తట్టుకునే పరికరం లేకపోవడమే అన్నాళ్ళూ అడ్డు. సిలికాన్ డయోడ్ ఆ అడ్డు తీసేసింది. ఆల్టర్నేటర్ ఐడిల్‌లో కూడా కరెంటిస్తుంది, డైనమో కంటే ఎక్కువిస్తుంది, కార్బన్ బ్రష్షులు అంత త్వరగా అరగవు. ట్రైలర్ చరిత్రలో ఇంతకన్నా పెద్ద వరం మరొకటి లేదు.

ఆ సిలికాన్ డయోడే ట్రైలర్‌కు ఇంకో పని కూడా చేసిపెట్టింది. ట్రక్కు బ్యాటరీనీ ట్రైలర్ బ్యాటరీనీ తిన్నగా కలిపేస్తే పాత ముప్పు అలాగే ఉంటుంది: రాత్రి ట్రైలర్‌లో వాడకం తెల్లారేసరికి ట్రక్కును కూడా పడుకోబెడుతుంది. డయోడ్ కరెంటును ఒక వైపే పోనిస్తుంది కాబట్టి, ఆల్టర్నేటర్ నుంచి రెండు బ్యాటరీలకూ చెరో డయోడ్ గుండా దారి చూపిస్తే ఒకదాన్ని ఒకటి తినలేవు. ఐసొలేటర్ అంటే ఇదే. తెలివైన ఏర్పాటే గానీ దానికో రుసుముంది. డయోడ్ దాటేటప్పుడు సుమారు 0.7 వోల్టు తగ్గిపోతుంది. 14.2 వోల్టులతో బయల్దేరింది 13.5 అయిపోతుంది. అందుకే చాలామంది రిలే వైపు మొగ్గారు. ఇంజను ఆన్ అయితే కలుపుతుంది, ఆపితే విడదీస్తుంది, మధ్యలో వోల్టేజి తినదు. ఇక్కడా ఒక తప్పు తరచు జరుగుతుంది. సెల్ఫ్ స్టార్టర్ కోసం చేసిన రిలే చూడ్డానికి అలాగే ఉంటుంది, ధరా తక్కువ. అది కొన్ని సెకన్ల పనికి చేసింది. గంటల తరబడి ఆన్‌లో ఉంచితే కాయిల్ మాడిపోతుంది.

అసలు దొంగ మాత్రం వైరే. కాలువ మొదట్లో నిండుగా పారే నీరు చివరి ఆయకట్టుకు చేరేసరికి పిల్లకాలువలో తడి మాత్రమే మిగలడం తెలుగు రైతులకు తెలిసిన బాధ. సన్నటి వైరులో వోల్టేజికి జరిగేదీ అదే. 12 గేజ్ రాగి వైరుకు వెయ్యి అడుగులకు దాదాపు 1.6 ఓముల నిరోధం. ట్రక్కు బానెట్ కింది నుంచి ట్రైలర్ ముక్కు దగ్గరున్న బ్యాటరీకి 30 అడుగులు, తిరిగి రావడానికి మరో 30. మొత్తం మీద దాదాపు 0.096 ఓము. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది. 15 ఆంపియర్లు పారితే అందులోనే 1.4 వోల్టులు పోతాయి. 14.2 వోల్టులతో బయల్దేరిన కరెంటు ట్రైలర్ దగ్గరికి 12.8 వోల్టులతో చేరుతుంది. నిండిన లెడ్-ఆసిడ్ బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడే 12.6, 12.7 చూపిస్తుంది. దాన్ని నింపడానికి 14 దాటిన ఒత్తిడి కావాలి. మరి 12.8తో ఎంత నిండుతుంది? బ్యాటరీ కాస్త నిండగానే తీసుకునే కరెంటు తగ్గిపోతుంది, తగ్గాక వైరులో నష్టం తగ్గుతుంది, అలా ఐదారు ఆంపియర్ల దగ్గర ఎక్కడో స్థిరపడుతుంది. సగం ఖాళీ అయిన వంద ఆంపియర్-అవర్ల బ్యాటరీకి ఐదు గంటల ప్రయాణంలో దక్కేది పాతిక ముప్పై. అదే ఇంకా మందమైన 8 గేజ్ వైరు వేస్తే 15 ఆంపియర్ల దగ్గర నష్టం 0.6 వోల్టులోపే ఉంటుంది. వైరు మందం గురించి ఎవరైనా గట్టిగా పట్టుబడితే అది చాదస్తం కాదు.

ఇక ప్లగ్గు. అమెరికా ట్రైలర్లకు నేడు కనిపించేది చుట్టూ ఆరు రేకులు, మధ్యలో ఒక పిన్నుతో ఏడు దారుల గుండ్రటి సాకెట్. ఎర్తు, బ్రేకులు, వెనక లైట్లు, ఎడమ, కుడి, రివర్స్, వీటితో పాటు నాలుగో నంబరుది బ్యాటరీ చార్జింగుది. సాకెట్ ఆకారం అందరికీ ఒకటే అయింది గానీ లోపలి వైర్ల రంగులు ఒకటి కాలేదు. పికప్ కంపెనీల పద్ధతిలో గోధుమ రంగు వెనక లైట్లది, పసుపు ఎడమది, ఆకుపచ్చ కుడిది. ట్రైలర్ తయారీదార్ల పాత పద్ధతిలో ఆకుపచ్చ వెనక లైట్లది, ఎరుపు ఎడమది, గోధుమ కుడిది. నలుపు బ్యాటరీది, తెలుపు ఎర్తుది, నీలం బ్రేకులది అన్నంతవరకే రెంటికీ పొత్తు.

ఆ పొత్తులోనూ ఒక ప్రమాదం ఉంది. కార్ల బ్యాటరీ దగ్గర నల్ల వైరంటే నెగటివ్ అని మెకానిక్కుల చేతికి అలవాటు. ట్రైలర్ దగ్గర నలుపు పాజిటివ్, తెలుపు నెగటివ్. శీతాకాలం దాచిన బ్యాటరీని వసంతంలో తెచ్చి బిగించేటప్పుడు అలవాటు కొద్దీ తారుమారు చేసేవాళ్ళు కొల్లలు. అంత సర్వసాధారణం కాబట్టే, మకాం కరెంటును 12 వోల్టులకు మార్చే ట్రైలర్ లోపలి కన్వర్టర్‌లో దీనికోసం ప్రత్యేకంగా ఫ్యూజులు పెడతారు. అవి కాలిపోయి ట్రైలర్ అంతా కాపాడబడుతుంది. ఆ ఫ్యూజుల సంగతి తెలియనివాళ్ళు చార్జింగు ఎందుకు ఆగిందో తెలియక వారాల తరబడి తిరుగుతారు.

ఎర్తు కథ ఇంకా పాతది. తొలి రోజుల్లో కొందరు తిరుగు వైరు ఖర్చు మిగుల్చుకుని, హిచ్ బంతి మీదుగానే కరెంటు వెనక్కి వస్తుందిలే అని వదిలేసేవారు. ఆ బంతికి గ్రీజు పూస్తారు, వానకు తుప్పు పడుతుంది, గతుకుల్లో ఎగిరి విడిపడుతుంది. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక లైట్లన్నీ కలిసి మినుకుమినుకుమంటే ఎర్తు అందడం లేదని అర్థం. లైట్లకు ఎలాగో సరిపోయే బలహీనమైన ఎర్తు, చార్జింగుకు అవసరమైన పది పదిహేను ఆంపియర్ల దగ్గర చేతులెత్తేస్తుంది. లైట్లు వెలుగుతున్నాయి కదా, వైరింగు బాగుందన్న మాటలో బలం లేనిది ఇందుకే.

యూరప్ వాళ్ళు ఈ విషయంలో ముందుచూపుతో వ్యవహరించారు. అక్కడి పదమూడు పిన్నుల ప్లగ్గులో తొమ్మిదోది ఎప్పుడూ కరెంటుండే లైను, పదోది ఇంజను నడిచేటప్పుడు మాత్రమే వచ్చే లైను. ఈ రెంటికీ వేర్వేరు ఎర్తులు, లైట్లది మరొకటి. ఒకదాని బరువు ఇంకోదాని మీద పడదు. దీనికి ఫ్రిజ్జు కూడా ఒక కారణం. 1922లో స్టాక్‌హోమ్ సాంకేతిక విద్యాలయ విద్యార్థులు బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ కంప్రెసర్ లేకుండా వేడితో చల్లదనం పుట్టించే ఫ్రిజ్జును కనిపెట్టారు. 1925లో ఎలక్ట్రోలక్స్ దాన్ని కొనేసింది. గ్యాసు మంటతోనూ, ఇంటి కరెంటుతోనూ, బ్యాటరీతోనూ నడిచే ఈ జాతి ఫ్రిజ్జులే ట్రైలర్లలో దశాబ్దాలు రాజ్యమేలాయి. బ్యాటరీ మీద పెడితే చిన్నదే పది ఆంపియర్లకు తగ్గదు, పెద్దది పదిహేను దాటుతుంది. అమెరికా ప్లగ్గులో దానికి వేరే దారి లేదు. సన్నటి ఒకే వైరు తెచ్చినదంతా ఫ్రిజ్జు తినేస్తుంది, చాలకపోతే బ్యాటరీలోంచి కూడా లాగుతుంది. రోజంతా నడిపాక బ్యాటరీ తగ్గి ఉండడానికి చాలాసార్లు ఇదే కారణం. ఫ్రిజ్జు స్విచ్చి గ్యాసుకు మార్చడంతో తీరిపోయే సమస్యకు కొత్త బ్యాటరీ కొన్నవాళ్ళున్నారు.

కంపెనీలు ట్రక్కుకే టోయింగ్ ప్యాకేజీ బిగించి అమ్మడం మొదలయ్యాక యజమానులు సొంతంగా వైరు లాగుకునే బాధ తప్పింది. కొత్త బాధ వచ్చింది. కొన్ని పికప్‌లలో చార్జింగు వైరు ఉంటుంది గానీ దాని ఫ్యూజో రిలేనో పెట్టరు. అవి ఒక సంచిలో, మాన్యువల్‌తో పాటు గ్లవ్ బాక్సులో ఉంటాయి. ట్రైలర్ లాగనివాడికి ఆ లైనులో ఊరికే కరెంటు ఎందుకన్నది కంపెనీ వాదన. మాన్యువల్ తెరవని యజమానికి ఆ వాదన ఎలా తెలుస్తుంది?

కాబట్టి తప్పు వెతకడంలో అనుభవం ఉన్నవాళ్ళు ముందు ట్రక్కు ఫ్యూజు పెట్టె తెరుస్తారు. తర్వాత ప్లగ్గు ఊడదీసి, ఇంజను నడుస్తుండగా ట్రక్కు సాకెట్ నాలుగో పిన్నుకూ ఎర్తు పిన్నుకూ మధ్య వోల్టేజి చూస్తారు. ప్లగ్గు ఊడదీయడం ముఖ్యం. ఊడదీయకపోతే మీటరు చూపించే 12.6 ట్రైలర్ బ్యాటరీదే కావచ్చు, ట్రక్కు నుంచి వస్తున్నది సున్నా అయినా తెలియదు. కొన్ని కొత్త ట్రక్కులు ట్రైలర్ తగిలిందని గుర్తిస్తేనే ఆ పిన్నుకు కరెంటు వదులుతాయి, అక్కడ పద్ధతి మార్చుకోవాలి. మీటరు చెప్పిందంతా నమ్మడానికీ లేదు. తుప్పు పట్టిన పిన్ను కూడా బరువు లేనప్పుడు 14 వోల్టులు చక్కగా చూపిస్తుంది. హెడ్‌లైటు బల్బు ఒకటి తగిలించి నాలుగైదు ఆంపియర్లు లాగితే అప్పుడు అసలు రంగు బయటపడుతుంది: 14 కాస్తా 9కి పడిపోతే లోపం ఆ దారిలోనే ఉంది. అక్కడ బాగుంటే తర్వాత ట్రైలర్ ముక్కు దగ్గర, బ్యాటరీ పక్కనే ఉండే చిన్న సర్క్యూట్ బ్రేకర్. వానకూ బురదకూ ఎదురుగా ఉండే ఈ అగ్గిపెట్టెంత వస్తువు స్టడ్డుల దగ్గర తుప్పు పట్టి ఎన్ని యాత్రలు పాడుచేసిందో చెప్పలేం.

ఈ వరుసంతా ఆల్టర్నేటర్ ఎప్పుడూ 14 వోల్టులకు అటూఇటూ ఇస్తుందన్న నమ్మకం మీద నడిచింది. 2000ల నుంచి ఆ నమ్మకానికీ బీటలు పడ్డాయి. ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటర్‌ను కంప్యూటర్ అదుపులో పెట్టారు. 2007లో బీఎండబ్ల్యూ, బ్రేకు వేసినప్పుడూ యాక్సిలరేటర్ వదిలినప్పుడూ ఎక్కువ చార్జి చేసి, వేగం అందుకునేటప్పుడు ఆల్టర్నేటర్‌కు విశ్రాంతినిచ్చే పద్ధతి తెచ్చింది. 2014, 2015లలో యూరో 6 కాలుష్య నియమాలు వచ్చేసరికి ఇది యూరప్ కార్లలో మామూలైంది. ట్రక్కు బ్యాటరీ నిండిందని కంప్యూటర్ అనుకుంటే వోల్టేజి 13 కిందికి దించేస్తుంది. వెనక ఇంకో బ్యాటరీ ఆకలితో ఉందని దానికి తెలియదు. జనరల్ మోటార్స్ తన పికప్ మాన్యువల్‌లోనే దీనికి ఉపాయం రాసింది: ట్రైలర్ బ్యాటరీ చార్జి కావాలంటే టో/హాల్ బటన్ నొక్కండి, ట్రైలర్ మరీ తేలికైతే హెడ్‌లైట్లు వేయండి, వోల్టేజి పెరుగుతుంది. పట్టపగలు హెడ్‌లైట్లు వేసుకుని బ్యాటరీ నింపుకోవాలన్న ఈ సలహా తెలిసినవాళ్ళు తక్కువ, వాడినవాళ్ళకు మాత్రం పని జరిగింది.

ఈలోగా బ్యాటరీ కూడా మారింది. 1952లో ట్రోజన్ సంస్థ చిన్న ఎలక్ట్రిక్ బండ్ల కోసం తయారుచేసిన 6 వోల్టుల డీప్ సైకిల్ బ్యాటరీలు గోల్ఫ్ కార్టుల్లో స్థిరపడి, అక్కణ్ణుంచి ట్రైలర్లలోకి వచ్చాయి. రెండింటిని వరసగా కలిపి 12 వోల్టులు చేసుకోవడం ఊరికి దూరంగా మకాం వేసేవాళ్ళకు ఇష్టమైన పద్ధతి. కార్లు వదిలేసిన 6 వోల్టులు అలా ట్రైలర్‌లో మళ్ళీ బతికాయి. ఆ తర్వాత లిథియం. 1997లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ తన సహచరులు పాధి, నంజుండస్వామిలతో కలిసి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ గురించి ప్రచురించిన పరిశోధన ఈ రకం బ్యాటరీలకు మూలం. 2019లో లిథియం-అయాన్ బ్యాటరీలపై చేసిన కృషికి గుడెనఫ్ నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఈ బ్యాటరీ నిండి ఊరికే ఉన్నప్పుడే 13.3 వోల్టుల దగ్గర ఉంటుంది. సన్నటి వైరు చివర 13 వోల్టులు చేరితే అందులోకి పోయేది ఏమీ ఉండదు. మందపాటి వైరు వేస్తే దానికి ఉల్టా కష్టం: లోపలి నిరోధం తక్కువ కాబట్టి దొరికినంతా లాగేసి ఆల్టర్నేటర్‌ను కాగబెడుతుంది.

దీనికి బాగా పనికొచ్చిన జవాబు డీసీ-డీసీ చార్జర్. 12కి దిగినా 15కి ఎగిరినా వచ్చిన వోల్టేజిని అందుకుని, బ్యాటరీకి కావలసిన 14.4ను అదే తయారుచేసి, ఇంతే లాగాలని హద్దు పెట్టుకుంటుంది. ఇది వేళ్ళూనుకున్న దేశాల్లో ఆస్ట్రేలియా ముందుంటుంది. ఊళ్ళ మధ్య వందల కిలోమీటర్ల దూరం, ఎండ, దుమ్ము. అడిలైడ్‌లో 1979లో మొదలైన రెడార్క్ సంస్థ పేరు అక్కడి క్యారవాన్ల వాళ్ళకు ఇంటిపేరులాంటిది. వాళ్ళు లైట్ల ప్లగ్గు మీద చార్జింగు భారం వేయరు. పక్కనే 50 ఆంపియర్ల ఆండర్సన్ ప్లగ్గు, దానికి మందపాటి కేబులు విడిగా లాగుతారు. అమెరికన్లు ఈ చార్జర్ కొని పాత నాలుగో పిన్నుకే తగిలించినప్పుడు మాత్రం ఫ్యూజు పోతుంది. 20 ఆంపియర్లు 14.4 వోల్టుల మీద ఇవ్వడమంటే 288 వాట్లు. ఇటు వైపు 12 వోల్టులే వస్తుంటే నష్టాలతో కలిపి దాదాపు 27 ఆంపియర్లు లాగాలి. ఆ వైరు అంత మోయలేదు. వాళ్ళలో మందపాటి కేబులు ఖర్చు తప్పించుకోవాలని చూసినవాళ్ళు చివరికి ఆ ఖర్చే పెడుతున్నారు.

కొత్త ట్రైలర్లు ఈ బంధాన్నే తిరగరాయాలని చూస్తున్నాయి. 2022లో ఎయిర్‌స్ట్రీమ్ ఇ-స్ట్రీమ్ అనే నమూనాను, 2023లో లైట్‌షిప్ సంస్థ ఎల్1 అనే ట్రైలర్‌ను చూపించాయి. రెంటికీ సొంత మోటార్లున్నాయి, ఎల్1కు 80 కిలోవాట్-అవర్ల బ్యాటరీ. ఎలక్ట్రిక్ పికప్‌లలో ఆల్టర్నేటరే లేదు, పెద్ద బ్యాటరీలోంచి కన్వర్టర్ ద్వారా 12 వోల్టులు వస్తాయి. 2021 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 హైబ్రిడ్‌లో ట్రక్కు తొట్టిలోనే 7.2 కిలోవాట్ల దాకా ఇంటి కరెంటు ఇచ్చే సాకెట్లు పెట్టుకోవచ్చు. దాంతో కొందరు యజమానులు ఆరు దశాబ్దాల రిలేలనూ ఐసొలేటర్లనూ పక్కనబెట్టి, మకాం చేరగానే ట్రైలర్ కేబులును ట్రక్కు తొట్టిలో గుచ్చి, ఇంట్లో గోడ సాకెట్‌కు పెట్టినట్టే బ్యాటరీ చార్జి చేసుకుంటున్నారు.